పొత్తుల షేర్లు

షంషాబాద్ బస్టాండు మొదలు అత్తాపూర్ దాకా షేర్ మార్కెట్ గుట్టు తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన పేరు పెంటయ్య. నా దోస్తు కాబట్టి పొగుడుతున్నాననుకోవద్దు. బొంబాయి వాళ్ళు పనిగట్టుకుని ఆయన సెల్లుకు ఫోన్ చేసేవారు. ఆయన ఒక్క ముక్క చెబితే కాగితం మీద రాసుకుని, రెండుసార్లు థాంక్యూ చెప్పి మరీ పెట్టేసేవారు. అంతటి మనిషి, 2013 ఆగస్టులో ఒక ఆదివారం, ఇంటి ముందు గద్దె మీద కూర్చుని, తన దగ్గరున్న వెయ్యి షేర్లను ఏం చేయాలో తెలియక వరసగా మూడు బీడీలు కాల్చాడు.

ఎయిర్‌పోర్టుకు భూమి పోయినందుకు వచ్చిన డబ్బులో ఇల్లు కట్టగా, బిడ్డ సంతోషి పెళ్ళి చేయగా మిగిలిన చివరి ముక్క ఆ షేర్లు. 2008 జనవరిలో ఒక్కొక్కటి రెండు వందల పన్నెండు పెట్టి కొన్నాడు. ఇప్పుడు అది నలభై మూడు. కిందటి నెల యాభై ఆరు. అంతకుముందు ఎంతో తలుచుకోవడం ఆయన మానేశాడు.

ఆదివారం చంద్రమ్మకు సెలవు. ఆమె పెంటయ్య భార్య. అయిదేళ్ళుగా ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పని చేస్తోంది. పొద్దున ఆరింటికల్లా మెడలో కార్డు వేసుకుని తడిబట్ట కర్ర పట్టుకోవాలి. తమ జొన్నచేను సరిగ్గా ఎక్కడ ఉండేదో ఆ అద్దంలాంటి నేల మీద పోల్చుకోవడం మొదట్లో ఆమెకు సరదాగా ఉండేది. రెండో ఏడు ఆ ఆట మానేసింది. మూడో ఏడు మోకాళ్ళు మొదలయ్యాయి. ఇప్పుడు ఇంటికొచ్చి గడప ఎక్కాలంటే ముందు తలుపు పట్టుకోవాలి, తర్వాత దేవుణ్ణి, ఆ తర్వాత మొగుణ్ణి.

ఆమెకు ఒక బర్రె కావాలి. ఊరి చివర గోపయ్య దగ్గర రెండో ఈత బర్రె ఉంది, పూటకు అయిదు లీటర్లు. ఎయిర్‌పోర్టులో పనిచేసే పిల్లలు కిరాయికుండే ఇళ్ళు వాళ్ళ వీధిలోనే పదహారున్నాయి. పాలు పెంటయ్య పిండుతాడు, ఆమె పోసి వస్తుంది. నడిచే పనే కాని వంగే పని కాదు. నలభై రెండు వేలకు బేరం తెగింది. బేస్తవారం దాకా ఆగుతాననీ, శుక్రవారం ఇంకొకరు తోలుకుపోతారనీ గోపయ్య చెప్పి వెళ్ళాడు.

"ఏందయ్యా, అడిగినవా మరి?" అంది చంద్రమ్మ లోపలినుంచి, మోకాలికి నూనె రాసుకుంటూ.

"ఎవర్ని అడగాలె?"

"ఆ షేర్లనే. ఐదేండ్ల సంది పండుకున్నయ్ గద, ఎప్పుడు లేస్తరని అడుగు."

"అసలు రానియ్యే. అసలు వచ్చిన్నాడు ఒక్క గంట ఆగ, అమ్మిపారేస్త."

"అసలు వచ్చేదాక ఈ మోకాళ్ళు ఆగుతయా? గా ముచ్చట వీటినడుగు, నన్నడగకు."

పెంటయ్య బీడీని నేలకు రుద్ది ఆర్పాడు. కాటేదాన్‌లో తను వాచ్‌మన్‌గా ఉన్న షెడ్డు మూతపడి ఎనిమిది నెలలైంది. ఇంట్లో మాట్లాడే హక్కు ఆ షెడ్డు తాళంతోపాటే అప్పజెప్పి వచ్చినట్టుండేవాడు. కాని ఆయన మూడు బీడీల ఆలోచన నష్టం గురించి మాత్రమే కాదు. అమ్మాలంటే ఆయన ఒక్కడూ అమ్మడానికి లేదు. జిలానీ కూడా అమ్మాలి. ఇద్దరూ ఒక్కనాడే అమ్మాలి.

ఇది మార్కెట్ పెట్టిన రూలు కాదు. ఎద్దులు పెట్టిన రూలు.

భూములు పోకముందు పెంటయ్యకు ఒక ఎద్దు, జిలానీకి ఒక ఎద్దు. రెండో ఎద్దును కొనే తాహతు ఇద్దరికీ లేదు. రెంటినీ ఒక కాడికి కట్టి ఈ పూట ఈయన చేను, ఆ పూట ఆయన చేను దున్నుకునేవారు. పొత్తుల ఎవుసం. పంతొమ్మిదేళ్ళు సాగింది. ఆ ఎద్దులు ఎంతగా కలిసిపోయాయంటే, పెంటయ్య ఎద్దు గడ్డి మేస్తే జిలానీ ఎద్దు నెమరు వేసేది. ఒకసారి పెంటయ్య ఎద్దుకు జలుబు చేస్తే, మందు పొరపాటున జిలానీ ఎద్దుకు పోశారు, తగ్గింది. ఆ పొత్తుకు ఒకటే కట్టుబాటు: రెండోవాడికి చెప్పకుండా ఎవడూ తన ఎద్దును అమ్మరాదు. ఒకడు అమ్ముకుంటే రెండోవాడి ఎద్దు తిండి దండగ. ఒంటెద్దు ఏం దున్నుతుంది?

షేర్లు కొన్ననాడు కూడా ఇద్దరూ కలిసే వెళ్ళారు. కంపెనీని ఎంచిందీ ఇద్దరే. బుద్వేల్ దగ్గర రోడ్డు పని జరుగుతుంటే అక్కడ పసుపురంగు మిషన్లు కనిపించాయి. మట్టి తవ్వేవి, తొక్కేవి, ఎత్తిపోసేవి. ఇద్దరూ ఒక పూటంతా నిలబడి లెక్కపెట్టారు. నలభై ఒకటి. "కొట్టంల నలభై ఒక్క పశువులున్నోడు దివాలా తీస్తడా?" అన్నాడు పెంటయ్య. జిలానీకి ఆ మాట సబబుగా తోచింది. మిషన్ల మీద రాసి ఉన్న పేరును ఒక కాగితం మీద బొమ్మ గీసుకున్నట్టు గీసుకుని పోయి అదే పేరు షేర్లు అడిగారు. ఆ మిషన్లన్నీ నెల కిరాయికి తెచ్చినవని తెలియడానికి ఏడాది పట్టింది. ఇద్దరికీ చెరి వెయ్యి. సంతకాలు పెట్టి బయటికొచ్చాక మెట్ల మీద పెంటయ్యే అన్నాడు, "అమ్మితే ఇద్దరం ఒక్కనాడే." జిలానీ చేతిలో చెయ్యి వేశాడు. వెయ్యి షేర్లు ఒక వైపు, వెయ్యి షేర్లు ఒక వైపు. వాళ్ళ లెక్కలో అది ఒక కాడి.

సోమవారం పొద్దున పెంటయ్య షంషాబాద్ బస్టాండు పక్కనున్న పంక్చర్ దుకాణానికి వెళ్ళాడు. అది జిలానీది. నీళ్ళ టబ్బులో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడొస్తాయో చూస్తున్నాడు.

"రా పెంటన్నా, కూసో. మార్కెట్ ఇంక తెరుసుకోలే."

"కూసునుడు లేదు. దుకాణం ముయ్యి. ఇయ్యాల పోయి అమ్మేద్దాం."

జిలానీ ట్యూబును వదల్లేదు. "ఎంతున్నది?"

"నలభై మూడు."

"మరి జర ఆగరాదు? వానాకాలం పొయ్యినంక రోడ్ల పనులు సురువైతయ్. లేస్తది."

మూడేళ్ళుగా పెంటయ్య అమ్ముదామన్నప్పుడల్లా జిలానీ ఇదే మాట చెబుతున్నాడు. వానలు పోనీ అన్నాడు. రంజాన్ పోనీ అన్నాడు. ఎలక్షన్లు కానీ అన్నాడు. ఆ మాట వినడానికే పెంటయ్య రోజూ సాయంత్రం అక్కడికి వచ్చి కూర్చునేవాడని కూడా చెప్పుకోవాలి. ఇంట్లో ఎవరూ ఆయనకు లేస్తుందని చెప్పరు. కాని ఈసారి బర్రె సంగతి, బేస్తవారం గడువు, చంద్రమ్మ తలుపు పట్టుకుని గడప ఎక్కడం, అన్నీ చెప్పాడు.

"నిన్న పండుకున్నకాడికెల్లి లేవనీకె పావుగంట పట్టింది దానికి. నేను చెయ్యిస్తనంటె, ఒద్దు, నువ్వు షేర్లను లేపుపో అన్నది."

జిలానీ నవ్వబోయి ఆగిపోయాడు. ట్యూబును టబ్బులోంచి తీసి తీగ మీద వేసి, చేతులు తుడుచుకుని, షట్టరు సగం దాకా దించి, మిగతా సగం ఎందుకో ఆలోచించి దించాడు.

"నడువు."

బస్సులో సీటు దొరకలేదు. ఇద్దరూ ఒకే కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఆరాంఘర్ దగ్గర బస్సు ఆగింది. ముందు లారీలు, వెనక లారీలు. పావుగంటైనా కదల్లేదు.

"పెంటన్నా, ఈడ దిగి చాయ్ తాగుదాం."

"అత్తాపూర్ల చాయ్ దొరకదా?"

"దొరుకుతది. గని ఆడిదాక పోతె నేను చెప్పలేను."

"ఏం చెప్పలేవు?"

జిలానీ కిటికీ వైపు తిరిగి చెప్పాడు. "నా షేర్లు లేవన్నా."

"లేవంటె?"

"అమ్మిన. మూడేండ్లైతుంది. మా ఇంటామె ఖతీజాకు కడుపుల గడ్డకు ఆపరేషన్ జేసిన్రు సూడు, గప్పుడు. నూటా పద్దెనిమిది ఉండె."

కండక్టరు వెనకనుంచి అరిచాడు. "డోర్ల నిలబడ్డ పెద్దమనుషులు దిగుతరా, ఉంటరా? ఏదో ఒకటి జెయ్యుండ్రి!"

"ఉంటం," అన్నాడు పెంటయ్య. జిలానీని కొట్టాలనిపించింది. కాని బస్సులో చెయ్యి వెనక్కి లాగడానికి చోటు లేదు. చోటున్నా కొట్టేవాడు కాదేమో. అలిసిపోయి ఉన్నాడు. కోపం రావడానికి కూడా ఒంట్లో కొంచెం సత్తువ ఉండాలి.

"నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నువ్వు మూడు దినాలు దవాఖానకు అన్నం గిన్నె మోసుకొస్తివి. చంద్రమ్మ వదినె రాత్రి ఆడనే పండుకునె. ఒక్కనాడే అమ్మాలని నాతోని చెయ్యేయించుకున్నది నువ్వు. నీ అన్నం తినుకుంట నీకు చెప్పకుండ అమ్మిన అని ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?"

"సరే, గప్పుడు చెప్పలే. మరి మూడేండ్ల సంది ఆగు, ఆగు అంటివి గదరా! ఎందుకన్నవు?"

"నువ్వు అమ్ముతనంటె ఇద్దరం పోవాలె. పోతె నా ఖాతా ఖాళీగ కనవడ్తది. షరమైంది. ఆగు అన్న. ఒక్కసారి అన్నంక రెండోసారి అనుడు అల్కగైతది అన్నా." జిలానీ గొంతు తగ్గించాడు. "లేస్తదని నిజంగనే అనుకున్న. నమాజుల గూడ అడిగిన. అది లేస్తె నా తప్పు దాని కింద పడి కనవడకుండ పోతుండె."

ఇక్కడ నేను మొదట్లో కొట్టిన గొప్ప ఒకటి వెనక్కి తీసుకోవాలి. బొంబాయి ఫోన్ల సంగతి. ఫోన్ వచ్చిన మాట నిజం. ఒక్కసారే వచ్చింది. అడ్రసు సరిచూసుకోవడానికి ఎవరో అమ్మాయి చేసింది. హిందీ అనేసరికి పెంటయ్య భయపడి ఫోను జిలానీకిచ్చాడు. ఆ అమ్మాయి కాగితం మీద రాసుకున్న ఒక్క ముక్క పిన్ కోడు. అదీ జిలానీ చెప్పిందే. పెంటయ్యకు షేర్ల గురించి తెలిసిందల్లా పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె, ఆ రెంటి మధ్య జిలానీ చెప్పే "ఆగు". ఇప్పుడు ఆ మూడోది పోయింది. మిగిలినవి రెండంకెలు.

బస్సు కదిలింది. నూట పద్దెనిమిదిలోంచి నలభై మూడు పోతే ఎంత అని పెంటయ్య లెక్క వేయబోయి, మానేశాడు. ఆ డబ్బుతో ఖతీజా బతికింది. ఆమె నిన్న కూడా చంద్రమ్మకు నిమ్మకాయ పచ్చడి పంపింది. తన అన్నం గిన్నె తిని తనకు చెప్పలేదన్న బాధ ఒక వైపు లాగుతుంటే, చెప్పి ఉంటే తను ఒప్పుకునేవాడా అన్న అనుమానం ఇంకో వైపు లాగింది. ఒప్పుకునేవాడే. కాని అప్పుడు తనూ అదే రోజు అమ్మేవాడా? ఏమో. రెండు వందల పన్నెండు వస్తే తప్ప అమ్మనని అందరితో చెప్పుకుని తిరిగింది తనే కదా. అందుకే కొట్టలేదు. అంతే కాని పెంటయ్య మహాత్ముడేమీ కాడు.

అత్తాపూర్‌లో ఫ్లైఓవర్ పిల్లర్ల వరస కింద దిగి, మెడికల్ షాపు మీదున్న ఆఫీసు మెట్లెక్కారు. లోపల రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, మాధవీలత అనే అమ్మాయి. ఆమెది కోస్తా వైపు. ఎవరినైనా అండీ అనే పిలుస్తుంది. పెంటయ్యను చూసి లేచి కుర్చీ చూపించింది.

"ఎన్నాళ్ళకొచ్చారండీ! కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?"

"నీళ్ళొద్దు బిడ్డా. అమ్మేదున్నది. వెయ్యి."

"అలాగేనండీ. ఇప్పుడు నలభై ఒకటీ అరవై నడుస్తోంది. ఉన్న రేటుకే పెట్టమంటారా, మీరేమైనా రేటు చెబుతారా?"

పెంటయ్య బర్రెను తలుచుకున్నాడు. "నలభై మూడుకు పెట్టు."

ఆమె పెట్టింది. పెంటయ్య, జిలానీ పక్కపక్కనే కూర్చుని ఆ తెరను చూశారు. నలభై ఒకటీ ఇరవై. నలభై ఒకటీ ముప్పై అయిదు. పెంటయ్య ముందుకు వంగాడు. నలభై ఒకటి. నలభైకి పైన తొంభై పైసలు. వెనక్కి వాలాడు. ఫ్యాను తిరుగుతోంది. ఇరవై నిమిషాలైంది. సంతలో ఎద్దును కట్టేసి కొనేవాడి కోసం చూస్తే కనీసం దాని వీపు నిమరచ్చు, ఈగలు తోలచ్చు. దీనికి చేసేదేమీ లేదు.

"బిడ్డా, నువ్వయితే ఏం జేస్తవు?"

"మేం సలహా చెప్పకూడదండీ." ఆమె ఇబ్బందిగా చూసింది. "ఇవాళ అమ్మితే బుధవారానికి డబ్బు మీ ఖాతాలో పడుతుంది. అంతవరకే చెప్పగలను."

బుధవారం పడితే బేస్తవారం బర్రె. రేపు అమ్మితే బేస్తవారం పడుతుంది, అప్పుడు బ్యాంకు నుంచి తెచ్చేసరికి గోపయ్య కొట్టం ఖాళీ. పెంటయ్యకు అది అర్థమైంది. అయినా నోరు రాలేదు. ఇంతవరకూ అది పడిపోయిన షేరు. అమ్మాక అది పోయిన డబ్బు. పడినదాన్ని ఎంతకాలమైనా చూస్తూ కూర్చోవచ్చు. పోయిందని మాత్రం ఇంటికెళ్ళి చెప్పాలి.

అప్పుడు జిలానీ మెల్లగా అన్నాడు. "పెంటన్నా, ఒక మాట అడుగుత. కోపం జెయ్యకు."

"నీ మాట విని మూడేండ్లాయె. ఇంకొకటి అడుగు."

"రెండొందల పన్నెండు ఇడిసిపెట్టు. ఇయ్యాల నువ్వు షంషాబాద్ సంతకు పోయినవ్. చేతుల నలభై ఒక్క వేలున్నయ్. గీ ఎద్దును ఎవడో పట్టుకొచ్చిండు. పండ్లు సూసినవ్, నడిపించి సూసినవ్. గీ ధరకు కొంటవా?"

పెంటయ్య తెర వైపు చూశాడు. కిరాయి మిషన్లు గుర్తొచ్చాయి.

"కొనుడా? దాన్ని తోలుకపోయేటోనికి నేనే చాయ్ పోపిస్త."

మాధవీలత తల వంచుకుని నవ్వు దాచుకుంది.

"మరి ఇంట్ల ఎందుకు కట్టేసుకున్నవు?"

పెంటయ్య చేత్తో గాలిలో తోలినట్టు సైగ చేశాడు. "కొట్టు బిడ్డా. ఉన్న రేటుకే కొట్టు."

నలభై రూపాయల డెబ్భై పైసలకు పోయాయి. చప్పుడు లేదు, ఎవరూ తాడు పట్టుకుని లాక్కుపోలేదు. ఆమె ఒక కాగితం ముందుకు జరిపి ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపింది. ఖర్చులు పోగా నలభై వేల నాలుగు వందల చిల్లర. పెంటయ్య తన పేరు నెమ్మదిగా, ప్రతి అక్షరానికీ ఒక్కో ఏడు పట్టినట్టు రాశాడు.

మెట్లు దిగుతూ జిలానీ అన్నాడు, "పదహారు వందలు తక్కువ పడ్తయ్. నేనిస్త."

"నువ్వియ్యాలె. వడ్డీతోని ఇయ్యాలె."

"ఇస్త అన్నా."

"ఇస్తె బర్రెల నీకు పొత్తు. తోక నీది. పేడ దీసుడు గూడ నీదే. పొద్దుగాల అయిదింటికి రావాలె."

"తోక ఒక్కదానికే పేడంత నాదా?"

"తోక కిందిదంత తోకోనిదే."

జిలానీ కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము అన్నాడు. ఆ పిల్లర్ల కింద దుమ్ముకు కొదవ లేదు కాబట్టి పెంటయ్య నమ్మాడు.

ఇంటికెళ్ళేసరికి చంద్రమ్మ డ్యూటీ నుంచి వచ్చి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని ఉంది. పెంటయ్య గడప దగ్గరే నిలబడి, "అమ్మిన. నలభై. మిగిలింది పోయింది," అన్నాడు. అయిదేళ్ళుగా దాచుకున్న మాట నాలుగు ముక్కల్లో అయిపోయింది. జిలానీ సంగతి కూడా చెప్పాడు.

"నాకెర్కనే," అంది చంద్రమ్మ. "ఖతీజ అప్పుడే చెప్పింది దవాఖానల."

"మరి నాకు చెప్పలేదేందే?"

"ఒద్దని ఒట్టేయించుకున్నది. నువ్వు రోజు ఆడికి పోయి కూసునుడు గూడ జూస్తి. ఆడ గంత సేపన్న నీ మొకంల జర ఎలుగుంటుండె. ఏమని చెప్పాలె?"

పెంటయ్య ఆమె పక్కనే గోడకు ఆనుకున్నాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న ఖాళీ కొట్టం వైపు చూశారు. పాత రాటకు తాడు కట్టి ఉంచాలని ఆయన అన్నాడు. రేపు కట్టు, ఇయ్యాల కూసో అంది ఆమె.

బేస్తవారం బర్రె వచ్చింది. చంద్రమ్మ పని ఆ రోజే మానలేదు. నెలాఖరు దాకా చేసి, జీతం తీసుకుని, కార్డు అప్పజెప్పి వచ్చింది. మోకాళ్ళు తగ్గలేదు. పెరగడం మాత్రం ఆగింది. జిలానీ పొద్దున అయిదింటికి ఒక్కరోజు కూడా రాలేదు. ఆరింటికి వచ్చేవాడు.

ఇక ఆ షేరు సంగతి. పెంటయ్య అమ్మిన మర్నాడే అది ముప్పై రెండుకు పడిందనీ, పేపరు చూసిన జిలానీ దుకాణం వదిలి పరిగెత్తుకొచ్చి బర్రె ముందే పెంటయ్యను కావలించుకున్నాడనీ నేను ఈ కథ ఎక్కడ చెప్పినా చెబుతుంటాను. వినేవాళ్ళు తృప్తిగా లేచి వెళతారు. ఇక్కడ అచ్చులో పడుతోంది కాబట్టి ఒప్పుకుంటున్నాను: ఎద్దులు, జలుబు మందు ఎలా ఉన్నా, ఈ ముప్పై రెండు మాత్రం నేను అల్లింది. ఆ మర్నాడు అది పడిందో లేచిందో పెంటయ్య చూడలేదు, జిలానీ చెప్పలేదు. నేను అడగబోతే చంద్రమ్మ నా చేతిలో పాల గ్లాసు పెట్టి, తాగి లేవమంది.